మంచి చొక్కా – మితమైన ధర: ఎన్నికలో పాటించవలసిన మెళకువలు

కూడు, గూడు, గుడ్డ అని మన పెద్దలు మానవుని కనీసావసరాలను మూడు మాటలలో చెప్పారు. మొదటి రెండింటిని గురించి పాఠ్యగ్రంథాలలో అధ్యాయాలే ఉన్నాయి. మూడవదానిని ఎట్లా ఎన్నుకోవలెనో చెప్పే పాఠం మాత్రం ఏ తరగతిలోనూ లేదు. పట్టా చేతికి వచ్చిన తరువాత మన విద్యార్థి మొట్టమొదట ఎదుర్కొనే పరీక్ష ప్రశ్నపత్రం కాదు, ముఖాముఖి. ఆ గది తలుపు తీసేముందు అతడు తన కాలరును సర్దుకుంటాడు. ఆ కాలరు నిలిచినదా, ముడుచుకుపోయినదా అన్న సందేహం మనస్సులో ఉంటే, వచ్చిన జవాబు కూడా నోట రాదు.

మన కళాశాలలో చదివే పిల్లలలో అధికులు సామాన్య కుటుంబాలవారు. ఒక చొక్కా ధర అంటే ఇంటిలో ఎవరో ఒకరి ఒకటి రెండు రోజుల కష్టార్జితం. ఆ డబ్బు వృథా కాకూడదన్నదే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. అలంకారప్రియత్వాన్ని బోధించడం మా ధ్యేయం కాదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం మన్నే, గౌరవప్రదమైన ఒక చొక్కాను గుర్తించే చూపును అలవరచడమే మేము తలపెట్టిన పని.

మాటల వెనుక చరిత్ర

మన కళాశాల పరిసరాలలోని ఈ పేట పేరే ఈ విషయానికి తగిన ఉపోద్ఘాతం. ‘కార్’ అనగా పని, ‘ఖానా’ అనగా ఇల్లు లేక స్థలం. కార్ఖానా అంటే పనిచేసే చోటు. ఈ పారశీక పదం మొగలుల కాలంలో రాజాస్థానపు పనిశాలలకు వాడుకలో ఉండేది. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే ఆ కార్ఖానాలను వర్ణిస్తూ, చిత్రకారులు, స్వర్ణకారులతో పాటు దర్జీలు కూడా అక్కడ పనిచేసేవారని పేర్కొన్నాడు.

1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసింది. కంటోన్మెంటుతో పాటు ఆంగ్లేయుల కోట్లు, కాలరు చొక్కాలు ఈ ప్రాంతానికి వచ్చాయి. అయితే చొక్కా మనకు పరాయిది కాదు. కమీజు అరబ్బీ పదమైన ‘ఖమీస్’ నుండి వచ్చింది. అది లాటిన్ ‘కమీసియా’కు బంధువని భాషావేత్తలు చెబుతారు. బొత్తాము, కాజా అనే మాటలు పోర్చుగీసువారి నుండి వచ్చినవి. దర్జీ పారశీకం. జేబు అరబ్బీ ‘జైబ్’. దానికి మొదట వస్త్రపు మెడ వద్ద తెరపి అని అర్థం. గణిత విద్యార్థులకు ఆసక్తి కలిగించే విశేషం ఒకటున్నది. సంస్కృతంలోని ‘జ్యా’ అరబ్బీలోకి వెళ్ళి, ‘జైబ్’గా చదువబడి, లాటిన్‌లోకి వంపు అనే అర్థమిచ్చే ‘సైనస్’గా అనువదింపబడింది. నేడు మనం చదివే ‘సైన్’ అదే. ఒక్క చొక్కాలో ఇన్ని భాషలు కలిసి కుట్టబడి ఉన్నాయి.

పూర్వం ఐరోపాలో కూడా చొక్కాను తలపై నుండి దిగవేసుకొనేవారు. ముందుభాగం పై నుండి కింది వరకు గుండీలతో తెరుచుకొనే చొక్కాను 1871లో లండనులోని బ్రౌన్, డేవిస్ అండ్ కంపెనీ రిజిస్టరు చేసింది. ఇక కాలరు కొనలను చిన్న గుండీలతో చొక్కాకే బిగించే ‘బటన్‌డౌన్’ పద్ధతికి మూలం పోలో క్రీడ. గుర్రం పరుగెత్తేటప్పుడు కాలరు ఎగిరి ముఖానికి తగలకుండా ఇంగ్లండులో ఆటగాళ్ళు ఈ ఉపాయం పన్నారు. 19వ శతాబ్దం చివర దానిని చూచిన న్యూయార్కు వ్యాపారి జాన్ బ్రూక్స్ తమ బ్రూక్స్ బ్రదర్స్ దుకాణం ద్వారా దానిని ప్రచారంలోకి తెచ్చాడు.

ఈ భేదం తెలిసి ఉండడం అవసరం. ముందు గుండీలున్న ప్రతి చొక్కా బటన్‌డౌన్ కాదు. కాలరు కొనలకు గుండీలున్నదే బటన్‌డౌన్. అది కళాశాలకు, కార్యాలయానికి, టై లేని సందర్భాలకు చక్కగా ఒప్పుతుంది. టై కట్టవలసిన ముఖాముఖికి గుండీలు లేని సాదా కాలరు శ్రేష్ఠం. ఒకే చొక్కా కొనగలిగినవారు సాదా కాలరునే ఎన్నుకోవడం మంచిది. అది రెండు విధాలా పనికివస్తుంది.

మొదటి పరీక్ష: గుడ్డ

చొక్కా ఆయువు గుడ్డలో ఉన్నది. గుడ్డను గురించి మూడు సంగతులు తెలియాలి. అవి నూలు దేనితో చేసినది, ఎంత సన్నపుది, ఏ నేతది అన్నవి.

నూలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్రత్తి, మరొకటి పాలియెస్టరు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రజ్ఞులు టెరిలిన్‌ను కనుగొన్నారు. ఆ తరువాత మన దేశంలో టెరిలిన్, టెరికాటన్ చొక్కాలకు ఎంత మోజు ఉండేదో మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఆ గుడ్డ నలగదు, త్వరగా ఆరుతుంది, చిరకాలం చిరగదు. దాని దోషమొకటే, చెమటను పీల్చదు. సాధారణ వాతావరణంలో ప్రత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమను తనలో ఇముడ్చుకుంటుంది. పాలియెస్టరు ఇముడ్చుకొనేది 0.4 శాతం మాత్రమే. మే నెలలో మన జంటనగరాలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, కిక్కిరిసిన బస్సులో ఈ భేదం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుస్తుంది.

రెండింటిని కలిపిన మిశ్రమ గుడ్డ మధ్యేమార్గం. ప్రత్తి పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం రోజువారీ వాడుకకు, ఇస్త్రీ ఖర్చు తగ్గించుకోదలచినవారికి అనుకూలమే. కాని చీటీపై ‘కాటన్ రిచ్’, ‘కాటన్ ఫీల్’ వంటి మాటలుంటే మోసపోరాదు. మొదటి మాటకు అర్థం మిశ్రమమని. రెండవ మాటకు అర్థం ప్రత్తివలె తోచునని మాత్రమే. శాతం అంకెలలో రాసి ఉన్నదా లేదా అన్నదే చూడవలె.

అంకె లేనిచోట నిప్పు పరీక్ష ఉన్నది. లోపలి కుట్టు మడత నుండి రెండు పోగులు తీసి, ఆరుబయట జాగ్రత్తగా వెలిగించి చూడండి. ప్రత్తి పోగు కాగితం కాలిన వాసనతో కాలి, మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టరు కాలుటకు ముందే ముడుచుకొని కరిగి, చల్లారగానే గట్టి నల్లపూస అవుతుంది. మిశ్రమంలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

ఇక నూలు సన్నదనం. నేతగాండ్రు 40 నంబరు, 60 నంబరు, 100 నంబరు అనడం మీరు వినే ఉంటారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే ఆ నూలు అంత నంబరుది. అంటే నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నమవుతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నంబరు ఎక్కువైతే మన్నిక కూడా ఎక్కువని తలుస్తారు. నిజానికి సన్నపు పోగు మృదువుగా, మెరుపుగా ఉంటుందే కాని, మోటు వాడుకకు అంతగా ఆగదు. వారానికి రెండుసార్లు ఉతికి తొడిగే విద్యార్థికి 40 నుండి 60 నంబరు వరకు ఉన్న నూలుగుడ్డ చాలు. 80, 100 నంబర్లు కొనదలిస్తే రెండు పోగులు పేనిన నూలుతో నేసినదేనా అని అడగవలె.

నేతలో ముఖ్యమైనవి మూడు. పడుగు పేకలు ఒకటి విడిచి ఒకటి దాటే సాదా నేతలో, నున్నగా ఉండేది పాప్లిన్. ముఖాముఖికి, ఉద్యోగానికి అది ప్రశస్తం. పోగులను జతలుగా కలిపి బుట్ట అల్లినట్లు నేసేది ఆక్స్‌ఫర్డ్. అది కొంచెం దళసరి, బాగా మన్నుతుంది, బటన్‌డౌన్ కాలరుకు సాంప్రదాయికమైన జోడు. ఏటవాలు గీతలు కనిపించేది ట్విల్. అది మెత్తగా జారుతుంది, త్వరగా నలగదు.

దుకాణంలో చేయదగిన పరీక్షలు

పైన పటారం, లోన లొటారం అన్న సామెత కొన్ని చొక్కాలను చూచే పుట్టినదేమో అనిపిస్తుంది. గాజు అద్దాల వెనుక, అట్టముక్కల మీద, గుండుసూదుల బిగింపులో ప్రతి చొక్కా అందంగానే ఉంటుంది. కనుక విప్పి చూపమని అడగడానికి సంకోచింపరాదు. డబ్బు మనది, పరీక్షించే హక్కు కూడా మనదే.

మొదట గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలె. పోగులు సమానంగా, దగ్గరగా ఉంటే మంచిది. జల్లెడవలె కనిపించినా, అక్కడక్కడ గడ్డలు, సందులు ఉన్నా విడిచిపెట్టవలె. రెండవది, గుడ్డను రెండు చేతుల మధ్య గట్టిగా రుద్దవలె. తెల్లని పొడి రాలితే అది గంజి. ఆ బిరుసుదనమంతా మొదటి ఉతుకుతోనే పోయి, గుడ్డ వడలిపోతుంది. మూడవది, ఒక మూలను పిడికిట పది క్షణాలు నలిపి వదలవలె. ప్రత్తి కొంత నలగడం సహజమే. కాని కాగితం మడతవలె గాట్లు పడితే అది రోజంతా నిలిచే చొక్కా కాదు. నాల్గవది, రంగు చొక్కా అయితే తడి చేతిరుమాలుతో లోపలి అంచును రుద్దవలె. రుమాలుకు రంగంటితే, రేపు ఇంటిలోని తెల్లబట్టలన్నిటికీ అంటుతుంది.

‘నలగనిది’ అని ప్రకటించే నూరు శాతం ప్రత్తి చొక్కాలను గురించి ఒక మాట. ప్రత్తికి ఆ గుణం సహజంగా లేదు. రసాయనపు పూతలతో దానిని కలిగిస్తారు. ఆ పూత వల్ల ఇస్త్రీ శ్రమ తగ్గినా, గుడ్డ బలం కొంత తగ్గుతుంది. కాలరు అంచు, మోచేయి త్వరగా చిరగడానికి అదొక కారణం. సౌకర్యం ఉచితంగా రాదన్న సంగతి ఎరిగి కొనవలె.

రెండవ పరీక్ష: కుట్టు

గుడ్డ తరువాత చూడవలసినది కుట్టు. స్కేలును చొక్కా పక్కకుట్టుపై పెట్టి, ఒక అంగుళంలో ఎన్ని కుట్లున్నాయో లెక్కించండి. 14 మొదలు 18 వరకు ఉంటే పనిమంతుని చేయి. 8, 9 మాత్రమే ఉంటే అది తొందరపని. కుట్లు తగ్గితే యంత్రానికి సమయం కలిసివస్తుంది, కాని ఆ నష్టం తొడిగేవానిది.

తరువాత చొక్కాను తిరగవేసి చూడవలె. మంచి చొక్కాలో పక్కకుట్టు రెండు మడతలుగా మూసి, గుడ్డ అంచు బయటికి కనిపించకుండా ఉంటుంది. చవక చొక్కాలో ఓవర్‌లాక్ దారాలు మాత్రమే ఉంటాయి. ఓవర్‌లాక్ ఉన్నంత మాత్రాన అది పనికిరానిదని మేము అనము. కాని దానికి తోడు సూటి కుట్టు ఒకటి ఉండితీరవలె. చంక వద్ద, పక్క కొంగు కింద నాలుగు ముక్కలు కలిసే చోట వేళ్ళతో మెల్లగా లాగండి. కుట్టు నోరు తెరిస్తే ఆ చొక్కా నోరు విప్పి నిజం చెప్పినట్లే.

కాలరు చొక్కాకు ముఖం వంటిది. దానిలో బక్రం ఉంటుంది. వేడితో అంటించిన బక్రం నాసిరకమైతే నాలుగైదు ఉతుకుల తరువాత కాలరుపై బుడగలు లేస్తాయి. ఆ బుడగలకు ఏ ఇస్త్రీ పెట్టె వద్దా మందు లేదు. కాలరును బొటనవ్రేలితో వంచి వదిలినప్పుడు గాట్లు పడకుండా తిరిగి నిలిస్తే మంచిది. రెండు కొనలు సమానమైన పొడవు ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి పోల్చవలె. సాదా కాలరులో కొనల కింద కాలర్ బోన్ పెట్టడానికి అరలుంటే అది కుట్టినవాని శ్రద్ధకు గుర్తు.

గుండీలకు నాలుగు రంధ్రాలుండడం మేలు. దారం వదులుగా వేలాడరాదు. కాజా అంచున పోగులు ఊడివస్తుంటే అది నెలలోనే పెద్దదై గుండీ జారిపోతుంది. లోపలి పట్టీకి అదనపు గుండీ కుట్టి ఉన్నదా చూడండి. గీతల చొక్కా, గళ్ళ చొక్కా అయితే జేబు మీది గీతలు చొక్కా గీతలతో కలవవలె. అలా కలపడానికి గుడ్డ ఎక్కువ పడుతుంది, ఓపిక కూడా ఎక్కువ పడుతుంది. అక్కడ పొదుపు చేయనివాడు కనిపించని చోట కూడా చేసి ఉండడని నమ్మవచ్చు.

మూడవ పరీక్ష: కొలత

వేయి రూపాయల చొక్కా అయినా కొలత కుదరకపోతే అరువు తెచ్చుకున్నట్లే ఉంటుంది. సాధారణమైన చొక్కా కొలత కుదిరితే దొరబిడ్డవలె కనిపిస్తుంది.

చీటీమీది అంకెల విషయంలో జాగ్రత్త అవసరం. మన దేశంలో ఫార్మల్ చొక్కాలపై 38, 39, 40, 42, 44 అనే అంకెలు సాధారణంగా మెడ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తెలుపుతాయి. 39 అంటే సుమారు పదిహేనున్నర అంగుళాల మెడ. మరికొన్ని చొక్కాలపై అవే అంకెలు ఛాతీని అంగుళాలలో తెలుపుతాయి. ఒకే 40 రెండు చోట్ల రెండు అర్థాలనిస్తుంది. దీనిని ఎరుగక కొని, ఇంటికి వెళ్ళి విచారించేవారు ఎందరో! అంగుళాల టేపుతో తన మెడ, ఛాతీ, భుజం, చేయి కొలతలను ఒకసారి కొలిపించుకొని కాగితంపై రాసి పెట్టుకోవడం ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండవలసిన పని.

తొడిగి చూచేటప్పుడు ఐదు గుర్తులు. పై గుండీ పెట్టినప్పుడు కాలరులో రెండు వేళ్ళు దూరవలె. భుజం కుట్టు భుజపుటెముక చివరనే ఉండవలె, చేతిమీదికి జారరాదు. ఛాతీ వద్ద గుండీల మధ్య నోళ్ళు తెరుచుకోరాదు. కఫ్ మణికట్టు ఎముకను కప్పవలె. రెండు చేతులూ పైకెత్తినప్పుడు చొక్కా ప్యాంటులో నుండి పూర్తిగా బయటికి రాకూడదు. ఛాతీ చుట్టుకొలత కన్న చొక్కా సుమారు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంటే ఊపిరి ఆడుతుంది. ప్రత్తి గుడ్డ ఉతుకులో కొంత కుదించుకుపోతుందన్న సంగతి కూడా లెక్కలో ఉంచుకోవలె.

కొన్నదా, కుట్టించినదా?

కార్ఖానా నుండి రాజీవ్ రహదారి వెంట ప్యారడైజు మీదుగా వెళితే జనరల్ బజారు ఎంతో దూరం కాదు. అక్కడ తానులు విప్పి మీటర్లలెక్కన గుడ్డ అమ్మే అంగళ్ళు ఉన్నాయి. మూసీకి అవతల పత్తర్‌గట్టీ, మదీనా బజారులు తరతరాలుగా వస్త్రాలకు ప్రసిద్ధం. గుడ్డ కొని కుట్టించుకొనే వసతి నేటికీ మనకు మిగిలి ఉన్నది.

పొడుగుచేతుల చొక్కాకు సామాన్యమైన శరీరానికి 58 అంగుళాల పెద్ద పన్నాలో 1.6 మీటర్లు, 36 అంగుళాల చిన్న పన్నాలో రెండుంబావు మీటర్లు సరిపోతుంది. గుడ్డ ధరకు కుట్టుకూలి కలిపి, అదే తరహా రెడీమేడ్ ధరతో పోల్చి చూచుకోవలె. సామాన్యమైన కొలతలున్నవారికి రెడీమేడ్ ఒక్కొక్కప్పుడు చవకగా దొరకవచ్చు. పొడవు, పొట్టి, సన్నం, లావు అన్న భేదాలున్నవారికి దర్జీయే శరణ్యం.

కుట్టించుకొనేవారు నాలుగు నియమాలు పాటించవలె. ప్రత్తిగుడ్డను, ముఖ్యంగా చేనేతగుడ్డను ముందుగా ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఆరబెట్టి ఇవ్వవలె. బాగా కుదిరిన పాత చొక్కాను ఆదిగా ఇవ్వవలె. లోపలి మడతలలో కొంత గుడ్డ వదలమని చెప్పవలె, ఒళ్ళు చేస్తే పనికివస్తుంది. మిగిలిన ముక్కలను తప్పక తిరిగి తీసుకోవలె. ఈ చివరి నియమం విలువ రెండేళ్ళ తరువాత తెలుస్తుంది. చొక్కాలో ముందుగా చిరిగేది కాలరు, కఫ్ మాత్రమే. ఆ ముక్కలతో కొత్త కాలరు వేయించవచ్చు, లేదా ఉన్న కాలరునే తిప్పి కుట్టించవచ్చు. మన పెద్దలు తిప్పిన కాలరుతో మరి రెండేళ్ళు గడిపేవారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

చేనేతను కూడా మరువరాదు. మంగళగిరి నూలుగుడ్డ వంటివి చొక్కాలకు చక్కగా ఒప్పుతాయి. 2006 నుండి అమలులో ఉన్న చేనేత ముద్ర అసలైన మగ్గపు గుడ్డను గుర్తించడానికి తోడ్పడుతుంది. 1934లో వరంగల్లులో స్థాపించబడిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. తెలంగాణ ప్రత్తికి, తెలంగాణ చొక్కాకు మధ్య ఉన్న ఒక పెద్ద లంకె అట్లా తెగిపోయింది. మనం ఇచ్చే రూపాయి ఏ చేతికి వెళుతున్నదో ఆలోచించడం కూడా మంచి కొనుగోలులో ఒక భాగమే.

ధర లెక్క

ఉర్దూలో ఒక సామెత ఉన్నది: ‘మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్.’ ప్రియంగా కొన్నవాడు ఒకసారి ఏడుస్తాడు, చవకగా కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని భావం. దీనిని అంకెలలో చూద్దాం. 500 రూపాయల చొక్కా ఒకటి 40 ఉతుకులకు వెలిసి చిరిగినదనుకుందాం. ఒక్కొక్క వాడకానికి పన్నెండున్నర రూపాయలు పడినట్లు. 1,100 రూపాయల చొక్కా 120 ఉతుకులు ఆగినదనుకుందాం. అప్పుడు పడేది సుమారు తొమ్మిది రూపాయల ఇరవై పైసలు. ప్రియమైనదే చవక అయింది.

కాని సామెతను గుడ్డిగా అనుసరించరాదు. 3,000 రూపాయల చొక్కా 360 ఉతుకులు ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక మెట్టు దాటిన తరువాత మనం చెల్లించేది గుడ్డకు కాదు, పేరుకు, ప్రకటనకు, దుకాణపు చల్లని గాలికి. పైగా అక్కడి సన్నపునూలు గుడ్డ మన బండ ఉతుకుకు నిలువదు. అతి చవక, అతి ప్రియం రెండూ విడిచి నడుమ నిలవడమే వివేకం. అంతేకాదు, ఆ మొదటి 1,100 రూపాయలు ఒక్కసారిగా తేలేని ఇల్లు కూడా ఉంటుంది. అట్టివారు ఒకే ఏడు రెండు మూడు నాసి చొక్కాలు కొనడం మాని, పండుగకు కొనే ఒక్కటినే మంచిది చూచి కొనడం మార్గం.

తగ్గింపు అమ్మకాలలో ‘ఒకటి కొంటే రెండు ఉచితం’ అన్నచోట మూడింటి ధరను మూడుతో భాగించి, ఆ ఒక్కటి ఆ ధరకు తగునా అని పై పరీక్షలన్నీ చేయవలె. చీటీమీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపై తగ్గింపు ప్రకటించి, బిల్లులో మళ్ళీ పన్ను కలపడం అనుచితమని వినియోగదారుల కమిషన్లు తీర్పు చెప్పి ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు ధరగల దుస్తులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. అంతకుముందు 1,000 రూపాయలు దాటగానే 12 శాతం ఉండేది. కనుక మధ్యతరగతి చొక్కాపై భారం కొంత తగ్గినట్లే. బిల్లు తీసుకోవడం మరువకండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

కాపాడుకొనే తీరు

కొనడంతో బాధ్యత తీరదు. గుండీలన్నీ విప్పి, చొక్కాను తిరగవేసి ఉతకవలె. కాలరు మురికికి ముందుగా సబ్బు రాసి కొంతసేపు ఉంచితే చాలు, బ్రష్షుతో గీకవద్దు. గీకిన చోటనే మొదట చిరుగుతుంది. రంగుబట్టలను నీడలో ఆరవేయవలె. ప్రత్తి చొక్కాను కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేయవలె. పాలియెస్టరు కలిసినదానికి వేడి తగ్గించవలె. ఒకే చొక్కాను వరుసగా రెండు రోజులు తొడగక, ఒకరోజు గాలికి విడవవలె. సూది, దారం వాడి ఒక గుండీ కుట్టుకోలేని పట్టభద్రుడు సగం చదువుకున్నట్లే అని మా అభిప్రాయం.

ఎన్ని? ఏ రంగు?

కొత్తగా ఉద్యోగాన్వేషణకు బయలుదేరే విద్యార్థికి రెండు చొక్కాలు చాలు. ఒకటి తెల్లని పాప్లిన్, రెండవది లేత నీలపు పాప్లిన్ లేక ఆక్స్‌ఫర్డ్. ఈ రెండూ ఏ ప్యాంటుకైనా ఒప్పుతాయి, ఏ కార్యాలయంలోనైనా గౌరవం పొందుతాయి. మూడవది కొనగలిగినప్పుడు సన్నని గీతలది. మెరిసే గుడ్డ, ముదురు రంగులు, పెద్ద అక్షరాలున్నవి తరువాత ఎప్పుడైనా కొనవచ్చు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి. చివరి సంవత్సరం విద్యార్థులకు ముఖాముఖి శిక్షణ ఇచ్చే రోజులలో ఒక గంటను ఈ పాఠానికి కేటాయించి, పేటలోని అనుభవజ్ఞుడైన దర్జీనొకరిని పిలిపించి, కొలతలు తీయడం, కుట్టు గుర్తించడం చూపించినట్లయితే బాగుంటుంది. కళాశాలలో ఒక ఇస్త్రీ పెట్టె, ఒక సూదిదారాల డబ్బా ఉంచడానికి అయ్యే వ్యయం స్వల్పం. దూరం నుండి బస్సులో నలిగి వచ్చిన పిల్లవానికి ముఖాముఖికి ముందు అవి చేసే ఉపకారం అధికం.

విద్యార్థి మిత్రులారా! చొక్కా మనిషికి విలువ ఇవ్వదు. కాని విలువ ఉన్న మనిషి తన మాటమీద మనస్సు నిలుపుకొనేటట్లు, తన బట్టను గురించి తలంపే రాకుండా చేస్తుంది. ఈసారి అంగడికి వెళ్ళినప్పుడు చేతిలో ఒక అంగుళాల టేపు, జేబులో కొలతల కాగితం పెట్టుకొని వెళ్ళండి. గుడ్డను వెలుతురుకు పట్టండి, కుట్లు లెక్కించండి, కాలరును వంచి చూడండి. ఇంటిలో కష్టపడి కూడబెట్టిన ఆ రూపాయలకు మనం చూపగల కనీస గౌరవం అది.